గృహ బ్రాడ్‌బ్యాండ్ - లైనక్స్: ఒక అనుసంధాన చరిత్ర (1995-2010)

వ్యాససంగ్రహం:

ఇంటికి వచ్చే టెలిఫోన్ తీగ ద్వారా లైనక్స్ కంప్యూటర్‌ను అంతర్జాలానికి అనుసంధానించడం ఒకప్పుడు తేలికైన పని కాదు. 1995లో మనదేశంలో ప్రజలకు అంతర్జాలసేవ అందిన నాటినుంచి, 2005లో గృహ బ్రాడ్‌బ్యాండ్ విస్తరించి స్థిరపడేంతవరకు ఈ అనుసంధానం పొందిన మార్పులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు డయలప్ మోడెమ్, ఏడీఎస్ఎల్ మోడెమ్, వైర్‌లెస్ కార్డు అనే మూడు పరికరాల చరిత్రను ఆధారంగా తీసుకున్నాను. పరికరం పనిచేసే తీరు బహిరంగ ప్రమాణంగా ప్రచురితమైన చోట లైనక్స్ అనుసంధానం త్వరగా సాధ్యమైందనీ, ఆ వివరం తయారీదారు వద్దే ఉండిపోయిన చోట ఏళ్ల తరబడి ఆలస్యమైందనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: లైనక్స్, బ్రాడ్‌బ్యాండ్, పీపీపీఓఈ, ఏడీఎస్ఎల్, మోడెమ్, బహిరంగ ప్రమాణాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక చరిత్రను సాధారణంగా ఆవిష్కరణల చరిత్రగా రాస్తారు. ఎవరు కనిపెట్టారు, ఏ సంవత్సరంలో కనిపెట్టారు అన్న ప్రశ్నలకే అందులో ప్రాధాన్యం. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన 'ద షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో ఈ పద్ధతిని విమర్శించాడు. ఒక వస్తువును మనుషులు ఎలా వాడుకున్నారు, ఎలా బాగుచేసుకున్నారు, ఎలా నిలబెట్టుకున్నారు అన్నది కూడా చరిత్రే అన్నది ఆయన ప్రతిపాదన సారాంశం. ప్రస్తుత వ్యాసం ఆ దృష్టితో రాసినది.

లైనక్స్ కెర్నల్‌ను ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించాడు. 1994 మార్చిలో దాని 1.0 సంచిక వెలువడింది. ఈ రెండు తేదీలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఆ కెర్నల్ ఆధారంగా నడిచే కంప్యూటర్‌ను ఇంట్లో పెట్టుకున్న మనిషి, దానిని అంతర్జాలానికి కలపడానికి ఏమేమి నేర్చుకోవలసి వచ్చిందన్న విషయం మాత్రం అంత సులభంగా దొరకదు. ఆ పరిజ్ఞానం ఎక్కువగా సహాయపత్రాల్లో, అమరిక దస్త్రాల్లో, నోటిమాటగా నిలిచింది. పరికరాలు మారగానే దాని అవసరం తీరిపోయింది. అవసరం తీరినదాన్ని భద్రపరిచేవారు తక్కువ.

లైనక్స్‌లో అంతర్జాలం పనిచేయించడం కష్టం అన్న అభిప్రాయం ఆనాడు విస్తృతంగా ఉండేది. అది అబద్ధం కాదు. అయితే ఆ కష్టానికి కారణం లైనక్స్‌లోని లోపమేనా, లేక మరొకటా అన్నది విచారించవలసిన ప్రశ్న. చరిత్ర క్రమంలో మూడు రకాల పరికరాలను పోల్చిచూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

2. పూర్వరంగం - డయలప్ కాలం:

మనదేశంలో ప్రజలకు అంతర్జాలసేవను విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. తొలుత ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై నగరాలకు పరిమితమైన ఈ సేవ క్రమంగా విస్తరించింది. 1998 నవంబరులో ప్రభుత్వం ప్రకటించిన కొత్త విధానంతో ప్రైవేటు సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. ఈ కాలమంతా ఇళ్లకు అంతర్జాలం ఎక్కువగా డయలప్ ద్వారానే చేరేది. కంప్యూటర్‌కు తగిలించిన మోడెమ్ ఒక టెలిఫోన్ సంఖ్యకు ఫోన్ చేస్తుంది. అవతలి మోడెమ్ ఎత్తుతుంది. రెండూ శబ్దసంకేతాలతో మాట్లాడుకొంటాయి. ఆ సమయంలో ఇంటి ఫోను వేరొకరికి అందదు.

ఈ ఏర్పాటులో రెండు అంచెలు ఉన్నాయి. మొదటిది మోడెమ్‌తో మాట్లాడడం, రెండవది అంతర్జాలసంస్థతో మాట్లాడడం. రెండవ అంచెకు పీపీపీ అనే ప్రోటోకాల్‌ను వాడేవారు. దీని నిర్దిష్టరూపం 1994 జూలైలో ఆర్ఎఫ్‌సీ 1661 అన్న పేరుతో ప్రచురితమైంది. అంతర్జాల ప్రమాణాలను ప్రకటించే ఆర్ఎఫ్‌సీ పత్రాలు ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగినవి. అందువల్ల లైనక్స్‌లో పీపీపీడీ అనే కార్యక్రమం తొలినాళ్లలోనే సిద్ధమైంది. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ మెకరస్ దీనిని చాలాకాలం నిర్వహించాడు.

మొదటి అంచె కూడా ఆరంభంలో సమస్య కాలేదు. కంప్యూటర్ బయట ఉండి సీరియల్ తీగతో కలిసే మోడెమ్‌లు 'ఏటీ' ఆదేశాలు అనే తెలిసిన భాషను అర్థం చేసుకునేవి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఆ ఆదేశం వచ్చినా వాటికి ఒకటే.

1990ల చివరిలో ఈ స్థితి మారింది. ధర తగ్గించడానికి తయారీదారులు మోడెమ్‌లోని సంకేతవిశ్లేషణ పనిని తీసివేసి కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేశారు. అంటే మోడెమ్ చేయవలసిన పనిలో అధికభాగాన్ని విండోస్ కోసం రాసిన డ్రైవర్ చేస్తుంది. వీటికే విన్‌మోడెమ్‌లు అని పేరు వచ్చింది. కంప్యూటర్ లోపల అమర్చే కార్డు రూపంలో, చౌకగా దొరికే ఈ మోడెమ్‌లే ఇళ్లలోకి ఎక్కువగా వచ్చాయి. వాటి డ్రైవర్ మూలరూపం గాని, చిప్‌తో మాట్లాడే పద్ధతి గాని ప్రచురితం కాలేదు. కొన్ని సంస్థలు లైనక్స్ డ్రైవర్లను ఇచ్చినా, వాటిలో కీలకభాగం చదవడానికి వీలులేని యాంత్రికరూపంలో ఉండి, కెర్నల్ సంచిక మారినప్పుడల్లా చిక్కు తెచ్చేది.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. ఒకే ఇంట్లో, ఒకే తీగమీద, ఒకే అంతర్జాలసంస్థ ఖాతాతో బయటి మోడెమ్ లైనక్స్‌లో పనిచేసింది. లోపలి మోడెమ్ పనిచేయలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ రెండు సందర్భాల్లోనూ ఒకటే. భేదం పరికరం గురించిన సమాచారం బహిరంగంగా ఉండడంలో, లేకపోవడంలో ఉంది.

3. పీపీపీఓఈ - ఒక ప్రచురిత ప్రమాణం:

డయలప్ తరువాతి దశ ఏడీఎస్ఎల్. ఇది కొత్త తీగలు కోరలేదు. మాట్లాడే గొంతు టెలిఫోన్ తీగలో సుమారు 4 కిలోహెర్ట్జ్‌ల లోపు పౌనఃపున్యాలనే వాడుకుంటుంది. ఆ పైన ఖాళీగా ఉన్న భాగంలో, దాదాపు 1.1 మెగాహెర్ట్జ్ వరకు, సమాచారాన్ని పంపవచ్చునన్నదే ఏడీఎస్ఎల్ సూత్రం. దీనికి సంబంధించిన జీ.992.1 ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1999లో ఆమోదించింది. ఇంట్లో గోడవద్ద ఒక చిన్న స్ప్లిటర్ గొంతును, సమాచారాన్ని వేరుచేస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డీఎస్‌లామ్ అనే యంత్రం అనేక ఇళ్ల సమాచారాన్ని కలుపుకొంటుంది. ఫోను మాట్లాడుతూనే అంతర్జాలం వాడుకోవడం ఇలా సాధ్యమైంది.

తీగ ఎల్లప్పుడూ కలిసే ఉంటుంది కాబట్టి నంబరు తిప్పవలసిన పని లేదు. అయితే చందాదారు ఎవరో గుర్తించడం, వాడకాన్ని లెక్కించడం, బిల్లు వేయడం సంస్థలకు ఇంకా అవసరమే. డయలప్ కాలంలో ఈ పనులకోసం నెలకొల్పిన వ్యవస్థ అంతా పీపీపీ మీద నడిచేది. దానిని వదులుకోకుండా కొత్త తీగమీదికి తీసుకురావడానికి పీపీపీ సమాచారాన్ని ఈథర్నెట్ పొట్లంలో చుట్టి పంపే పద్ధతిని రూపొందించారు. అదే పీపీపీఓఈ. యూయూనెట్, రెడ్‌బ్యాక్ నెట్‌వర్క్స్, రౌటర్‌వేర్ సంస్థల ఇంజనీర్లు రాసిన ఈ వివరణ 1999 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 2516గా వెలువడింది.

దీని నడక సరళమైనది. కంప్యూటర్ ముందుగా తీగమీద ఉన్న అందరినీ ఉద్దేశించి, సేవ అందించేవారు ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఎక్స్ఛేంజి వైపు యంత్రం నేనున్నానని బదులిస్తుంది. కంప్యూటర్ ఆ యంత్రాన్ని ఎంచుకొని సేవ కోరుతుంది. యంత్రం ఒక సమావేశసంఖ్యను కేటాయిస్తుంది. ఈ నాలుగు సందేశాలు ముగిశాక పాత పీపీపీ సంభాషణ మొదలై వాడుకరిపేరు, సంకేతపదం సరిచూడడం, ఐపీ చిరునామా ఇవ్వడం జరుగుతాయి.

ఈ వివరణ బహిరంగం కావడంతో లైనక్స్‌వారు ఎవరి అనుమతికోసమూ ఆగలేదు. కెనడాలోని ఒట్టావాకు చెందిన రోరింగ్ పెంగ్విన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఆర్‌పీ-పీపీపీఓఈ అనే కార్యక్రమాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేసింది. ఇందులోని నేర్పు గమనించదగినది. అప్పటికే ఉన్న పీపీపీడీని మార్చకుండా, అది తాను ఇంకా పాత మోడెమ్‌తోనే మాట్లాడుతున్నాననుకొనేలా మధ్యలో ఒక చిన్న కార్యక్రమాన్ని నిలిపారు. పీపీపీడీ ఇచ్చిన సమాచారాన్ని అది ఈథర్నెట్ పొట్లాలుగా మార్చి పంపుతుంది. పాతదాన్ని నిలుపుకొంటూ కొత్తదాన్ని చేర్చుకొనే పద్ధతి ఇది. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లో పీపీపీఓఈ కెర్నల్ అంతర్భాగంగానే చేరింది. అంటే ప్రమాణం ప్రచురితమైన రెండేళ్లలోపే లైనక్స్‌లో రెండు రకాల అమలు సిద్ధమయ్యాయి. మనదేశంలో గృహ బ్రాడ్‌బ్యాండ్ విస్తృతంగా అందుబాటులోకి రావడానికి అప్పటికి ఇంకా నాలుగేళ్లు ఉంది.

4. భారతదేశంలో గృహ బ్రాడ్‌బ్యాండ్:

2004 అక్టోబరులో కేంద్రప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానాన్ని ప్రకటించింది. ఎల్లప్పుడూ కలిసి ఉండి, దిగుమతి వేగం కనీసం సెకనుకు 256 కిలోబిట్లు ఉన్న అనుసంధానమే బ్రాడ్‌బ్యాండ్ అని అందులో నిర్వచించారు. 2005 నాటికి 30 లక్షలు, 2007 నాటికి 90 లక్షలు, 2010 నాటికి 2 కోట్ల చందాదారులను లక్ష్యంగా పెట్టుకొన్నారు. ఈ నిర్వచనంలోని కనీసవేగం 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది.

2000 అక్టోబరు 1న ఏర్పడిన భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్, 2005 జనవరి 14న డేటావన్ పేరుతో గృహ బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించింది. జిల్లా కేంద్రాలనుంచి చిన్న పట్టణాల వరకు అప్పటికే ఉన్న ల్యాండ్‌లైన్ తీగలే దీనికి ఆధారం కావడంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల్లో మహానగరాలకు వెలుపలి ఇళ్లకు కూడా వేగవంతమైన అంతర్జాలం చేరే దారి ఏర్పడింది. అంతకు పదమూడు నెలల ముందు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తెలుగులో రాసే, చదివే అంతర్జాలం రూపుదిద్దుకొంటున్న కాలమూ, ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కాలమూ ఒకటే కావడం ఈ చరిత్రకు తెలుగు పాఠకునితో ఉన్న ప్రత్యక్షసంబంధం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులో అందించే కృషి చేసింది. అయితే తెలుగులో కనిపించే కంప్యూటర్ కూడా అంతర్జాలానికి కలవవలసినది పీపీపీఓఈ ద్వారానే.

లైనక్స్ ఇళ్లకు ఎలా చేరింది? 2005 నాటి 256 కిలోబిట్ల వేగంతో ఒక సీడీకి సరిపడే 700 మెగాబైట్ల దస్త్రాన్ని దింపుకోవాలంటే, తీగ ఒక్కసారి కూడా తెగకుండా ఉన్నా ఆరు గంటలకు పైగా పడుతుంది. పైగా తొలినాటి చౌక పథకాల్లో నెలకు అనుమతించిన దిగుమతి కొన్ని వందల మెగాబైట్లే. కొన్ని పథకాల్లో రాత్రి 2 గంటలనుంచి ఉదయం 8 గంటలవరకు లెక్క ఉండేది కాదు. పెద్ద దస్త్రాలను ఆ వేళకు వాయిదా వేసుకొనేవారు. ఈ కారణాలవల్ల సీడీకి ప్రాముఖ్యం వచ్చింది. పీసీ క్వెస్ట్ పత్రిక 1990లలోనే లైనక్స్ సీడీలను పాఠకులకు అందించింది. 2003లో మొదలైన లైనక్స్ ఫర్ యు పత్రిక ఆ పనిని కొనసాగించింది. 2004 అక్టోబరులో తొలి సంచిక వెలువరించిన ఉబుంటు, 2011 వరకు కోరినవారికి సీడీలను తపాలాలో ఉచితంగా పంపింది. హైదరాబాదుతో సహా పలు నగరాల్లో ఏర్పడిన లైనక్స్ వినియోగదారుల బృందాల్లో సీడీలు చేతులు మారేవి. అంతర్జాలంలో పుట్టిన లైనక్స్ మన ఇళ్లకు అధికంగా తపాలా ద్వారా, పత్రికల ద్వారా, మిత్రుల ద్వారా చేరిందనడం అతిశయోక్తి కాదు.

5. గృహ వినియోగదారుని అనుసంధాన క్రమం:

5.1 అమరిక:

మోడెమ్‌తో వచ్చే సీడీలు, సూచనలు సాధారణంగా విండోస్‌ను దృష్టిలో పెట్టుకొన్నవి. లైనక్స్ వాడేవారు వాటిని పక్కనపెట్టి తమ దారి తాము వెతుక్కోవాలి. ఆ దారిలోని మెట్లు ఇవి. ముందుగా మోడెమ్‌లో వీపీఐ 0, వీసీఐ 35 అన్న విలువలు ఉన్నాయో లేదో చూడాలి. ఎక్స్ఛేంజికి వెళ్లే మార్గాన్ని ఈ రెండు సంఖ్యలే సూచిస్తాయి. తరువాత మోడెమ్‌ను ఈథర్నెట్ తీగతో కంప్యూటర్‌కు కలపాలి. అటుపిమ్మట ఆర్‌పీ-పీపీపీఓఈలోని ఏడీఎస్ఎల్-సెటప్ అనే ఆదేశాన్ని నడపాలి. తరువాతి విడుదలల్లో దీని పేరు పీపీపీఓఈ-సెటప్‌గా మారింది.

ఈ ఆదేశం వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది: వాడుకరిపేరు ఏమిటి, ఏ ఈథర్నెట్ కార్డుకు మోడెమ్ కలిపారు, అవసరమైనప్పుడే కలవాలా లేక ఎప్పుడూ కలిసే ఉండాలా, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్లు ఏవి, సంకేతపదం ఏమిటి, రక్షణగోడ కావాలా. జవాబులను అది దస్త్రాల్లో రాసుకొంటుంది. ఆపై ఏడీఎస్ఎల్-స్టార్ట్ అంటే అనుసంధానం మొదలై పీపీపీ0 అనే కొత్త ద్వారం ఏర్పడుతుంది. డెబియన్, ఉబుంటులలో ఇదే పనికి పీపీపీఓఈకాన్ఫ్ అనే సాధనం ఉండేది. ఏ కార్డు వెనుక సేవాయంత్రం ఉందో అదే వెతికి పట్టుకొనేది.

ఈ ప్రశ్నావళిని చరిత్రదృష్టితో చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. విండోస్ సీడీ వినియోగదారునికి చెప్పకుండా చేసే పనిని లైనక్స్ ఆదేశం అడిగి చేస్తుంది. అడగడం వల్ల శ్రమ పెరిగింది. ఆ శ్రమవల్లనే డీఎన్ఎస్ అంటే ఏమిటో, రక్షణగోడ ఎందుకో కంప్యూటర్ శాస్త్రం చదవని వ్యక్తి కూడా కొంత తెలుసుకొన్నాడు.

5.2 ఎదురైన చిక్కులు:

అనుసంధానం కుదిరినా అంతర్జాలం కనబడని సందర్భాలు ఉండేవి. వాటిలో మూడింటిని ప్రస్తావిస్తాను.

మొదటిది దారి తప్పడం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే ఈథర్నెట్ కార్డు మీదుగా ఒక ప్రధానమార్గం ఏర్పడి ఉంటే, పీపీపీడీ దానిని తొలగించదు. పీపీపీ0 సిద్ధంగా ఉన్నా సమాచారం పాతదారిలోనే వెళ్లి మోడెమ్ వద్ద ఆగిపోతుంది. పాతమార్గాన్ని తొలగిస్తే సమస్య తీరుతుంది.

రెండవది పేర్లు తెలియకపోవడం. డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలు తగిన దస్త్రంలో చేరకపోతే, అంకెల చిరునామాతో పిలిచిన యంత్రం పలుకుతుంది గాని పేరుతో పిలిస్తే పలకదు.

మూడవది అన్నిటికంటే సూక్ష్మమైనది. ఈథర్నెట్ పొట్లంలో 1500 బైట్ల సమాచారం పడుతుంది. పీపీపీఓఈ చుట్టుకాగితానికి అందులో 8 బైట్లు పోతే మిగిలేవి 1492. లైనక్స్ కంప్యూటర్ వెనుక ఇంట్లో మరో కంప్యూటర్ ఉంటే, దానికి ఈ సంగతి తెలియక 1500 బైట్లు పట్టే పెద్ద పొట్లాలనే ఆశిస్తుంది. అవతలి సర్వర్ అలాంటి పొట్లాన్ని పంపినప్పుడు దారిలోని యంత్రం 'పొట్లం పెద్దదైంది' అని తిరుగుజాబు పంపాలి. భద్రత పేరుతో కొన్ని సర్వర్ల నిర్వాహకులు ఆ జాబులను అడ్డుకొనేవారు. దాంతో చిన్న పుటలు తెరుచుకొంటాయి, పెద్దవి సగంలో నిలిచిపోతాయి. ఏ దోషసందేశమూ కనిపించదు. ఈ తరహా చిక్కును 2000లో ఆర్ఎఫ్‌సీ 2923 వివరించింది. సంభాషణ మొదట్లోనే పొట్లం పరిమాణాన్ని తగ్గించి చెప్పడం దీనికి విరుగుడు. 1492లోంచి శీర్షికలకు 40 పోగా 1452 చాలు; ఆర్‌పీ-పీపీపీఓఈ మరికొంత జాగ్రత్తగా 1412ను ముందే అమర్చిపెట్టింది. ఎక్కడో ఒక సర్వర్ వద్ద జరిగిన తప్పును ఇంట్లోని కంప్యూటర్ సర్దుకోవలసి వచ్చిందన్నమాట. వినియోగదారు కంటికి మాత్రం అది లైనక్స్ లోపంగానే కనిపించేది.

వీటన్నిటికీ పరిష్కారాలు అంతర్జాలంలో ఉండేవి. అంతర్జాలం లేని కంప్యూటర్‌కు ఆ పరిష్కారాలు అందవు. ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకొన్నవారు విండోస్‌లో చదివి, కాగితంమీద రాసుకొని, తిరిగి లైనక్స్‌లోకి వచ్చి ప్రయత్నించవలసి వచ్చేది. ఆ సహాయపత్రాలు దాదాపు అన్నీ ఆంగ్లంలో ఉండడం తెలుగు మాధ్యమంలో చదివినవారికి మరొక అడ్డంకి. నేర్చుకొన్నవారు నోటిమాటగా మరొకరికి చెప్పారు. లిఖితరూపంలో తెలుగులో నిలిచినది స్వల్పం.

6. మూసిన ద్వారాలు - యూఎస్‌బీ, వైర్‌లెస్:

పీపీపీఓఈ చిక్కులు ఎంత సూక్ష్మమైనా, వాటి కారణం తెలుసుకొనే వీలుంది. ప్రచురణ లేనిచోట ఆ వీలు కూడా లేదు. తొలినాటి ఏడీఎస్ఎల్ మోడెమ్‌లలో ఈథర్నెట్, యూఎస్‌బీ ద్వారాలు రెండూ ఉన్న నమూనాలు ఉండేవి. ఈథర్నెట్ ద్వారానికి మోడెమ్ తయారీదారు డ్రైవర్ అవసరం లేదు. యూఎస్‌బీ ద్వారం మాత్రం సాధారణంగా తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను కోరేది. ఈథర్నెట్ తీగనే వాడండి అన్నది ఆనాడు లైనక్స్ అనుభవజ్ఞులు కొత్తవారికి ఇచ్చిన మొదటి సలహా కావడానికి కారణం ఇదే.

ఐరోపాలో యూఎస్‌బీ మాత్రమే ఉన్న ఏడీఎస్ఎల్ మోడెమ్‌లు విరివిగా పంచారు. అల్కాటెల్ స్పీడ్‌టచ్ యూఎస్‌బీ వాటిలో ప్రసిద్ధం. దీనికి ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ అనే అంతర్గత కార్యక్రమాన్ని ఎక్కించాలి. స్వచ్ఛంద కార్యకర్తలు లైనక్స్ డ్రైవర్ రాసినా, ఆ ఫర్మ్‌వేర్‌ను లైనక్స్ సీడీలో కలిపి పంచే హక్కు వారికి లేదు. వినియోగదారు దానిని వేరుగా సంపాదించుకోవలసి వచ్చేది.

వైర్‌లెస్ కార్డుల కథ ఇంకా దీర్ఘమైనది. అనేక చిప్‌ల వివరాలు ప్రచురితం కాకపోవడంతో, విండోస్ డ్రైవర్‌నే లైనక్స్ కెర్నల్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే సాధనాన్ని పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని రూపొందించారు. మరోవైపు కొందరు బ్రాడ్‌కామ్ డ్రైవర్ యాంత్రికరూపాన్ని విశ్లేషించి, ఒక బృందం వివరణ రాయగా మరో బృందం దాని ఆధారంగా డ్రైవర్ రాసింది. మూలాన్ని నకలు చేశారన్న ఆరోపణకు తావులేకుండా ఈ విభజన పాటించారు. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లకు బహిరంగ డ్రైవర్‌ను తానే విడుదల చేసింది. పీపీపీఓఈ విషయంలో రెండేళ్లు కూడా పట్టని పని ఇక్కడ అనేక సంవత్సరాలు తీసుకొంది. రెండుచోట్లా పనిచేసినవారి నైపుణ్యంలో తేడా లేదు. వారి చేతికి అందిన సమాచారంలో ఉంది.

7. పెట్టెలోకి చేరిన లైనక్స్:

2004లో రెడ్ హ్యాట్ సంస్థ ప్రారంభించిన నెట్‌వర్క్‌మేనేజర్, 2008 నాటి 0.7 సంచికలో పీపీపీఓఈని కూడా నిర్వహించగలిగింది. ఆదేశాలు టైపు చేయకుండా, తెరమీది పెట్టెల్లో వాడుకరిపేరు, సంకేతపదం నింపితే చాలన్న స్థితి వచ్చింది. కాని అప్పటికే సమస్య మరో దారిలో కనుమరుగు కాసాగింది.

మోడెమ్‌లు రౌటర్లుగా మారాయి. పీపీపీఓఈ సంభాషణను పెట్టె తానే జరిపి, ఇంట్లోని కంప్యూటర్లకు డీహెచ్‌సీపీ ద్వారా చిరునామాలు పంచుతుంది. డీహెచ్‌సీపీ 1997లో ఆర్ఎఫ్‌సీ 2131గా ప్రచురితమైన బహిరంగ ప్రమాణం. తీగ తగిలించగానే లైనక్స్ కంప్యూటర్ కూడా మిగతావాటిలాగే అంతర్జాలానికి కలుస్తుంది. ఇంట్లో ఉన్నది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అన్న ప్రశ్నకే అర్థం లేకుండాపోయింది.

ఆ పెట్టెల్లో చాలావాటిని నడిపించేది లైనక్సే. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ ఉందని బయటపడడంతో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు నిబంధనల ప్రకారం 2003లో దాని మూలరూపాన్ని విడుదల చేశారు. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు మొదలైంది. కంప్యూటర్ బల్లమీద అనుసంధానం కోసం అవస్థపడిన లైనక్సే, గోడకు తగిలించిన పెట్టెలో ఇంటిల్లిపాదికీ అనుసంధానం కల్పించసాగింది.

ఇది లైనక్స్ విజయమే గాని, వినియోగదారు విజయమని పూర్తిగా చెప్పలేం. పెట్టెలోని లైనక్స్‌ను చూసే, మార్చే అవకాశం అనేక సందర్భాల్లో చందాదారుకు లేదు. నేటి ఫైబర్ సేవల్లో గాజుతీగ చివర ఉండే ఓఎన్‌టీ పెట్టె సాధారణంగా సంస్థే ఇచ్చి, సంస్థే అమర్చేది. జర్మనీలో ఈ విషయం చట్టందాకా వెళ్లింది. తమ రౌటర్‌ను తామే ఎంచుకొనే హక్కు అక్కడి వినియోగదారులకు 2016 ఆగస్టు 1 నుంచి లభించింది. విన్‌మోడెమ్ కాలంలో కార్డుమీద ఉన్న తాళం ఇప్పుడు గోడమీది పెట్టెకు మారిందని చెప్పవచ్చు.

8. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

- బయటి మోడెమ్, విన్‌మోడెమ్‌ల పోలికను బట్టి, లైనక్స్ అనుసంధాన సమస్యకు ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే కారణమన్న అభిప్రాయం నిలవదు. పరికరం వివరాలు ప్రచురితం కాకపోవడమే ప్రధానకారణం.

- పీపీపీఓఈ 1999లో ప్రచురితం కావడం వల్ల, 2005లో మనదేశంలో గృహ బ్రాడ్‌బ్యాండ్ విస్తరించేసరికి లైనక్స్ సాంకేతికంగా సిద్ధంగా ఉంది. మిగిలిన కష్టం అమరికకు, సమాచారం అందుబాటుకు, భాషకు సంబంధించినది.

- యూఎస్‌బీ మోడెమ్, వైర్‌లెస్ కార్డుల విషయంలో స్వచ్ఛంద కార్యకర్తల శ్రమలో అధికభాగం ఇతరులకు తెలిసిన విషయాన్నే తిరిగి కనుగొనడానికి ఖర్చయింది.

- రౌటర్లు వచ్చాక సమస్య తీరింది. దానితోపాటు తన ఇంటి అనుసంధానం ఎలా పనిచేస్తుందో తెలుసుకొనే సందర్భమూ వినియోగదారునికి తగ్గింది.

ఈ చరిత్రకు ఆధారాలు త్వరగా చెదిరిపోయేవి. పత్రికలతో వచ్చిన సీడీలు, చేతితో రాసుకొన్న అమరిక వివరాలు, ఆనాటి మోడెమ్‌ల కరపత్రాలు ఇంకా కొన్ని ఇళ్లలో అటకలమీద, పాతపెట్టెల్లో ఉండవచ్చు. రాగి తీగల స్థానంలో గాజు తీగలు వస్తున్న ఈ దశలో వాటిని సేకరించి, ఆ కాలపు వినియోగదారుల అనుభవాలను తెలుగులో నమోదు చేయడం సాంకేతిక చరిత్రను తెలుగులో రాయదలచినవారు చేపట్టవలసిన పని. 1492 అన్న సంఖ్య ఎందుకు అవసరమైందో చెప్పగలవారు నేడు మన మధ్యనే ఉన్నారు. వారి మాట నమోదు కాకపోతే, లైనక్స్‌లో అంతర్జాలం పనిచేయదన్న పాత అపవాదు ఒక్కటే చరిత్రగా మిగిలే ప్రమాదం ఉంది.